పచ్చదీపం వెలగలేదు

మా ఇంట్లో ఏదైనా వస్తువు కనిపించడం లేదంటే అది సాధారణంగా నా కళ్లెదుటే ఉంటుంది. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని ఇల్లంతా వెతకడమూ, తాళాలగుత్తి ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో బీరువాకింద చీపురుపుల్ల పెట్టి కెలకడమూ నాకు కొత్త కాదు. అంచేత 2022 జూలైలో ఒకనాడు మా ముందుగదిలోని చిన్న కంప్యూటరు బోర్డు, తనకే తగిలించి ఉన్న పరికరాన్ని తానే పోల్చుకోలేక, "అటువంటిదేమీ ఇక్కడ లేదు" అని రాసి చూపించినప్పుడు నాకు నవ్వు రావలసిందే. ఇదీ మా వంశమేనన్నమాట అనుకోవలసిందే. కాని అప్పటికి మా అమ్మ కుడిచేతికి కట్టు కట్టించుకుని ఆస్పత్రినుంచి వచ్చి గంట కూడా కాలేదు.

సంగతి మొదటినుంచీ చెబితేగాని బోధపడదు.

నేను టెలిఫోన్ల శాఖలో ఫోన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఊళ్లోవాళ్ల ఫోన్లు మూగబోతే వాటికి మళ్లీ మాట తెప్పించడం నా ఉద్యోగం. రాజమండ్రిలో మాది తాతగారినాటి ఇల్లు. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు. అమ్మ మంచం పెరటివైపు గదిలో. ఎనభై ఎనిమిదో ఏట ముందుగదికి రమ్మంటే ససేమిరా అంది. కళ్లు తెరవగానే తులసికోట కనిపించాలిట, నూతిపళ్లెం కనిపించాలిట. "నన్ను తీసుకొచ్చి హాల్లో బొమ్మలకొలువు పెడతావురా?" అని నన్ను దులిపేసింది.

సరే, అక్కడే ఉంటుంది. రాత్రివేళ ఏదైనా కావలసివస్తే ఎలా? కేకవేస్తే ఆ గోడలు దాటి మాకు వినపడదు. సెల్‌ఫోను ఇస్తే దాన్ని గుడ్డలో చుట్టి దిండుకింద దాచింది. అది మోగితే ఉలిక్కిపడుతుందే తప్ప తనంతట తాను ముట్టుకోదు. చివరికి నా విద్య నేనే ప్రదర్శించి, ఆవిడ మంచంనుంచి మా పడగ్గదిదాకా తీగలాగి గంట బిగించాను. ఎలుకలు కొరికేశాయి. మళ్లీ లాగాను. మళ్లీ కొరికాయి. "జన్మంతా ఊరందరికీ తీగలు లాగారు. సొంత ఇంట్లో ఒక్క గంటకి దిక్కులేదు" అంది మా ఆవిడ. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మా మేనల్లుడు. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. తీగ అక్కరలేని గంట చేస్తానన్నాడు. 2021 వేసవి సెలవుల్లో మా ఇంట్లోనే కూచుని చేశాడు కూడా. అమ్మ మంచం కోడుకి ఒక చిన్న డబ్బా. దానికో మీట, పక్కన చిన్న పచ్చదీపం. మీట నొక్కితే డబ్బాలోని బుల్లి రేడియో ఒక మాట పలుకుతుంది. ముందుగదిలో ఉన్న అగ్గిపెట్టెంత పరికరం ఆ మాట వింటుంది. దాన్ని ట్రాన్సీవర్ అంటారు, అంటే వినడమూ, బదులు చెప్పడమూ రెండూ చేతనైనదన్నమాట. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జులవరకూ ఉన్న తరంగాల మీద ఇలాంటి చిన్న రేడియోలు లైసెన్సు అక్కర్లేకుండా మాట్లాడుకోవచ్చు. ఆ అగ్గిపెట్టె విన్న మాటను యూఎస్‌బీ తీగద్వారా రాస్ప్‌బెరీ పై అనే బోర్డుకి అందిస్తుంది. 2012లో ఇంగ్లండులో పిల్లలకు కంప్యూటరు విద్య అలవడాలని మొదలుపెట్టిన బోర్డులు అవి. మాది అందులో నాలుగో రకం, అరచేతిలో ఇముడుతుంది. దానిలో లినక్సు నడుస్తుంది. బోర్డు మా పడగ్గదిలో గంట మోగించి, "విన్నాను" అని అగ్గిపెట్టెచేత బదులు చెప్పిస్తుంది. ఆ బదులు అందగానే అమ్మ డబ్బామీద పచ్చదీపం వెలుగుతుంది.

ఆ పచ్చదీపం మావాడి బుర్రలో పుట్టిన ఆలోచనే. గంట మాకోసం, దీపం అమ్మమ్మకోసం అన్నాడు. గంట మోగిందో లేదో తెలియక చీకట్లో ఎదురుచూడడం ఎంత కష్టమో ఆ వయస్సులో వాడికెలా తెలిసిందో నాకు తెలియదు. అమ్మకి ఆ దీపంమీద మహా నమ్మకం కుదిరింది. దీపం వెలిగిందంటే అబ్బాయి లేచాడన్నమాట. ఇక తొందరపడదు. నేను చెప్పులు వెతుక్కుని, తలుపులు తీసుకుని వెళ్లేదాకా కదలకుండా పడుకునేది.

ఏడాదిపాటు నిక్షేపంలా నడిచింది. 2022 జూలై మొదటివారంలో బోర్డులోని మెమరీ కార్డు పాడయింది. రాసి, చెరిపి, మళ్లీ రాసి ఆ కార్డులు కొన్నాళ్లకి అరిగిపోతాయిట. మావాడు తొలి ఏకాదశినాడు, ఆదివారం, పొద్దున వచ్చి, కొత్త కార్డులో కొత్త లినక్సు వేసి, గంట ప్రోగ్రాము ఎక్కించి, స్పీకరు మోగించి చూసి, వాన ముదురుతోందని సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. గుమ్మం దిగుతూ, "మావయ్యా, అమ్మమ్మ పడుకునేముందు ఒకసారి అక్కణ్ణించి మీట నొక్కి చూడు" అన్నాడు. "అలాగేలేరా" అన్నాను.

ఆ జూలైలో గోదావరికి వచ్చిన వరద ఈ ప్రాంతంవాళ్లెవరూ మరచిపోరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఊరంతా గట్టుమీదే. నేనూ ఊళ్లోవాణ్ణే గదా! సోమవారం సాయంత్రం గొడుగు తీసుకుని చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఉంటే మావాడు ఫోను చేశాడు. "అమ్మమ్మ గదిలోంచి నొక్కి చూశావా మావయ్యా?" అన్నాడు. "ఆఁ, చూశాలే" అన్నాను.

చూడలేదు. తిరిగొచ్చాక చూద్దామనుకున్నాను. తిరిగొచ్చాక వరద కబుర్లు చెప్పడంలో పడ్డాను.

మంగళవారం కాఫీ ఇవ్వడానికి వెళితే అమ్మ, "ఒరే నాయనా, పచ్చదీపం వెలగడం లేదురా" అంది. "బ్యాటరీ అయిపోయుంటుందమ్మా, మారుస్తాను" అన్నాను. ముప్ఫైయేళ్లు జనం చేత, "మా ఫోను పనిచేయడం లేదండీ" అనిపించుకుని, "లైనులో తడి చేరిందండీ, ఆరితే అదే వస్తుంది" అన్న నోరు అది. జవాబు దానంతట అదే వచ్చేసింది.

గురువారం రాత్రి పెద్ద జల్లు కొట్టింది. కిటికీ తలుపు తెరుచుకుని అమ్మ పక్కమీద వాన పడింది. మీట నొక్కింది. దీపం వెలగలేదు. మరో రెండుసార్లు నొక్కింది. "పోనీ, పడుకున్నాడేమో, పడుకోనీ" అనుకుందిట. కిటికీ మూద్దామని తనే లేచింది. గచ్చు తడిగా ఉంది. తెల్లవారి నేను వెళ్లేసరికి మంచంకోడుకి ఆనుకుని కూచుని, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉంది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరువారాలు కట్టు ఉండాలన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి మొట్టమొదట నేను చేసినపని మేనల్లుడికి ఫోను చెయ్యడం. ఏమేమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. చక్కగా నడిచేదాన్ని కెలికి తగలేశావన్నాను. ప్రాణంతో ఆటలాడే చదువూ ఒక చదువేనా అన్నాను. వాడు ఒక్కక్షణం ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత మెల్లిగా, "అమ్మమ్మకి ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. ఆ పైన, "అగ్గిపెట్టెమీద ఎర్రదీపం వెలుగుతోందా మావయ్యా?" అన్నాడు.

వెలుగుతూనే ఉంది. వాడు రావడానికి లేదు, మర్నాడే పరీక్ష. అంచేత మేమిద్దరం ఫోనులోనే వైద్యం మొదలుపెట్టాం. వాడు చెప్పినట్టు బోర్డుని టీవీకి తగిలించాను. సీరియలు చూసే వేళకి టీవీ ఖాళీ అవుతుందా అని మా ఆవిడ అడగలేదుగాని, గడియారంవైపు ఒకసారి చూసింది. కీబోర్డు తగిలించి, వాడు అక్షరం అక్షరం చెబుతూంటే ఒక వేలితో కొట్టాను. అప్పుడే ఆ బోర్డు నాకు "అటువంటిదేమీ ఇక్కడ లేదు" అని రాసి చూపించింది.

ఎర్రదీపం కళ్లెదుట వెలుగుతూంటే లేదంటుందేమిటి? మావాడు చెప్పాడు. యూఎస్‌బీ తీగలో మామూలుగా నాలుగు తీగలుంటాయిట. రెండు కరెంటువి, రెండు మాటవి. దీపం వెలిగిందంటే కరెంటు తీగలు బాగున్నాయని మాత్రమే అర్థం. మాట తీగల సంగతి దీపానికి తెలియదు.

నాకప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. ఎందుకంటే ఇది నాకు తెలిసిన భాష. తరువాత వాడు చెప్పింది వింటే ఇంకా ఆశ్చర్యం వేసింది. యూఎస్‌బీలో ఒక పరికరం తగిలించగానే బోర్డుకి ఎలా తెలుస్తుందీ? పరికరం తనలోని ఒక చిన్న నిరోధకంతో, కిలో ఓములలో చెప్పాలంటే ఒకటిన్నర, మాట తీగల్లో ఒకదాన్ని పైకి ఎత్తి పడుతుంది. బోర్డు ఆ ఎత్తు చూసి, ఎవరో వచ్చారని గ్రహించి, "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. మన పాత టెలిఫోనూ అంతే గదా! రిసీవరు ఎత్తగానే లూపు మూసుకుంటుంది, 48 వోల్టుల కరెంటు పారుతుంది, ఎక్స్చేంజికి ఎవరో ఎత్తారని తెలుస్తుంది, డయలుటోను ఇస్తుంది. రిసీవరు ఎత్తినా టోను రాలేదంటే మేమేం చేసేవాళ్లం? ఊరంతా తవ్వేవాళ్లం కాదు. ముందు ఎక్స్చేంజిలో ఎమ్‌డీఎఫ్ దగ్గర లైను విడదీసి చూసేవాళ్లం. అక్కడిదాకా టోను ఉందా? ఉంటే పిల్లరుకి. అక్కడా ఉంటే డీపీ స్తంభానికి. అక్కడా ఉంటే ఇంటి గోడకి. ఉన్నచోటికీ లేనిచోటికీ మధ్యనే రోగం. అంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అంత తెలిసినవాణ్ణి, ఆ తెలివి వెంటనే వాడానా అంటే, లేదు. ముందు అందరిమీదా నేరం మోపే కార్యక్రమం పూర్తి చెయ్యాలి గదా.

మేనల్లుడి వంతు అయింది. రెండోది తీగ వంతు. తీగ పాతదైపోయిందని తీర్మానించి, వానలో బజారుకి పోయి కొత్తది కొనుక్కొచ్చి తగిలించాను. ఎర్రదీపం ఇంకా కాంతిగా వెలిగింది. మావాడు ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞ కొట్టించాడు. తగిలించి ఉన్న యూఎస్‌బీ పరికరాలన్నిటికీ హాజరు వేసే ఆజ్ఞ అది. ఆ హాజరుపట్టీలో కీబోర్డు ఉంది, అగ్గిపెట్టె పేరు లేనే లేదు. "పాత తీగ పెట్టి మళ్లీ కొట్టు మావయ్యా" అన్నాడు. పాత తీగ పెట్టి కొడితే హాజరు పలికింది! నేను కొన్నది ఫోను చార్జి చేసుకోవడానికి మాత్రమే పనికొచ్చే తీగ. లోపల కరెంటు తీగలు రెండే ఉంటాయి, మాట తీగలు ఉండనే ఉండవు. పైకి రెంటికీ ఆవగింజంత తేడా లేదు. రోగం కుదర్చబోయి రెండో రోగం తెచ్చిపెట్టానన్నమాట. ఇటువంటి తీగతో ఎంతమంది ఎన్ని రాత్రులు బోర్డుని తిట్టుకున్నారో!

మూడో వంతు మా ఆవిడది. టీవీ తెరమీద మూల పసుపురంగు మెరుపుగుర్తు ఒకటి వచ్చి పోతోంది. అదేమిటని అడిగితే, బోర్డుకి కరెంటు చాలడం లేదన్న గుర్తు అన్నాడు. ఆ రకం బోర్డుకి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు ఉండాలి. సుమారు 4.63 వోల్టులకి తగ్గిందంటే అలా మొత్తుకుంటుంది. చూద్దును గదా, గోడకున్నది బోర్డు అడాప్టరు కాదు, ఇంట్లో తిరిగే పాత ఫోను చార్జరు. అసలుది మా ఆవిడ ఫోనుకి తగిలించి ఉంది. "దొరికింది!" అని అరిచాను. "దీనితో త్వరగా చార్జి అవుతోందని పెట్టుకున్నాను. తెలిస్తే పెడతానా?" అందావిడ, మొహం చిన్నబుచ్చుకుని. అడాప్టర్లు మార్చాను. మెరుపుగుర్తు పోయింది. గంట మాత్రం మోగలేదు. కరెంటు చాలకపోవడం నిజమైన రోగమే, యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి మాయమైపోవడానికి అదొక పెద్ద కారణమే. కాని ఇవాళ్టి రోగం అది కాదు. తప్పు దొరికినంతమాత్రాన ఆ తప్పే కారణం కానక్కర్లేదని మా ఆవిడ వారంరోజులపాటు నాకు వేరు వేరు మాటల్లో చెప్పింది.

అప్పటికి బుద్ధి వచ్చి, స్తంభం స్తంభం లెక్కన చూద్దామన్నాను.

ఎల్ఎస్‌యూఎస్‌బీలో అగ్గిపెట్టె హాజరు పలికింది గదా. దాని గుర్తింపు సంఖ్య 1ఏ86:7523. మొదటి సగం చిప్పు చేసినవాళ్ల సంఖ్య, రెండో సగం ఆ చిప్పు రకం సంఖ్య. అంటే రిసీవరు ఎత్తినట్టు బోర్డుకి తెలిసింది, నువ్వెవరని అడిగింది, ఇది జవాబు చెప్పింది. తీగ మంచిది, అగ్గిపెట్టె మంచిది, సాకెట్టు మంచిది. పిల్లరుదాకా టోను ఉందన్నమాట. ఆ పైన జరగవలసిందేమిటి? లినక్సు ఆ సంఖ్య చూసి, దానికి తగిన డ్రైవరుని పిలిచి అప్పగించాలి. డ్రైవరు దానికి టీటీవైయూఎస్‌బీ0 అని ఒక పేరు పెట్టి వాకిట్లో నిలబెట్టాలి. మా గంట ప్రోగ్రాము ఆ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరుగలవాడే లేడంటోంది.

"ఇప్పుడు లాగు చూడాలి మావయ్యా" అన్నాడు.

నాకు తెలిసిన లాగు మా చిన్నప్పుడు బడికి వేసుకెళ్లినది. అది కాదుట. లినక్సు తనలో జరిగే ప్రతి సంగతీ క్షణాలతోసహా రాసుకునే దినచర్య అట. డీమెసేజి అని కొడితే ఆ పుస్తకం తెరుచుకుంటుంది. తీగ ఊడదీసి, మళ్లీ గుచ్చి, ఆఖరి నాలుగైదు వరుసలు చదవమన్నాడు. చదివాను. కొత్త పరికరం వచ్చింది, ఫలానా సంఖ్య, ఫలానా డ్రైవరు దాన్ని టీటీవైయూఎస్‌బీ0కి తగిలించింది, అని ఉంది. "అంతా బాగానే ఉందిరా, తగిలించానని రాసింది" అన్నాను. వాడికీ అర్థంకాలేదు. మూడుసార్లు ఊడదీసి గుచ్చాను. మూడుసార్లూ అక్కడిదాకా చదివి సంతోషించి ఆపేశాను.

అమ్మకి పాలు పట్టుకెళ్తున్న మా ఆవిడ వెనక నిలబడి టీవీకేసి చూస్తోంది. "ఇదేమిటండీ," అంది, "తగిలించాను అని రాసి, ఆ కిందనే రెండు సెకన్లకి ఊడదీశాను అని రాసిందేం?"

కళ్లజోడు సర్దుకుని చూశాను. నిజమే. తగిలించిన వరుస కిందనే మరో రెండు వరుసలున్నాయి. డ్రైవరు చేతిలో ఉన్న పరికరాన్ని బీఆర్ఎల్‌టీటీవై అనేది తన పద్ధతికి మార్చబోయిందని ఒక వరుస. డ్రైవరు టీటీవైయూఎస్‌బీ0నుంచి తప్పుకున్నదని ఇంకొక వరుస. ఎవరో వచ్చి చేతిలోది లాక్కుపోయారు. లాక్కుపోయినవాడి పేరుతోసహా రాసి ఉంది. ఆదివారంనుంచీ రాసి ఉంది.

ఆ మాట ఫోనులో చెప్పగానే మావాడు, "అయ్యో!" అన్నాడు. కొంతసేపు వెతికి, సంగతి విప్పి చెప్పాడు. బీఆర్ఎల్‌టీటీవై దొంగా కాదు, దొరా కాదు. చూపులేనివారు కంప్యూటరు వాడుకోవడానికి సాయపడే ప్రోగ్రాము. తెరమీది అక్షరాలని బ్రెయిలీ చుక్కలుగా మార్చి, వేళ్లకింద లేచి దిగే సన్నని మేకులున్న పలకకి పంపుతుంది. చూపులేనివారు తెర చూసి మీటలు నొక్కి ఆ పలకని తగిలించలేరు గదా, అంచేత పలక గుచ్చగానే అది దానంతట అదే లేచి అందిపుచ్చుకోవాలి. ఆ ఏర్పాటే చేశారు. చిక్కెక్కడ వచ్చిందంటే, మా అగ్గిపెట్టెలో రేడియోకీ బోర్డుకీ మధ్య ఒక దుబాసీ చిప్పు ఉంది. సీహెచ్340 అని, చవకైనది, లోకంలో ఎన్నో పరికరాల్లో ఉండేది. ఒకానొక బ్రెయిలీ పలకలోనూ అదే దుబాసీ. ఎవరు నువ్వు అని అడిగితే దుబాసీ తన బిళ్ల చూపిస్తాడేగాని, తాను ఏ దొరగారి కొలువులో ఉన్నాడో చెప్పడు. 1ఏ86:7523 అన్న బిళ్ల చూసి, ఇది బ్రెయిలీ పలకే అనుకుని ఆ ప్రోగ్రాము ప్రేమగా ఎత్తుకుపోయింది. 2022లో కొత్త లినక్సు కూర్పు వేసుకున్నవాళ్లలో చాలామందికి ఇదే అయిందిట.

చెప్పొద్దూ, కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. రాలేదు. నేను పనిచేసిన రోజుల్లో ఒక ఆఫీసు బోర్డుమీద చూపులేని టెలిఫోన్ ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పుల చప్పుడుకి, "ఇన్‌స్పెక్టరుగారూ, మూడో లైను గరగరలాడుతోందండీ" అనేవాడు. కరెంటు పోతే అందరం కొవ్వొత్తి కోసం తడుముకుంటూంటే ఆయన మాత్రం లావుపాటి బ్రెయిలీ పుస్తకంమీద వేళ్లు పరిగెత్తించి నంబర్లు చెబుతూనే ఉండేవాడు. ఆయనలాంటివాళ్ల కోసం రాత్రీపగలూ మెలకువగా కూచున్న ప్రోగ్రాము, పొరపాటున మా అమ్మ గంటని పట్టుకుంది. ఎవరిని తిట్టను?

మా ఇంట్లో బ్రెయిలీ పలక లేదు గనక, ఆ ప్రోగ్రాముకి సంబంధించిన రెండు సేవలని ఆపి, మళ్లీ లేవకుండా మాస్కు చెయ్యమన్నాడు మావాడు. అదే ఇంట్లో చూపులేనివారెవరైనా ఉండి ఆ పలక వాడుతూంటే అలా ఆపేయకూడదుట. ఆ ఒక్క సంఖ్యకి సంబంధించిన నియమాన్ని మాత్రమే సవరించుకోవాలిట. అక్షరాలు కొట్టి, తీగ ఊడదీసి మళ్లీ గుచ్చాను. డీమెసేజి తెరిచాను. తగిలించానన్న వరుస వచ్చింది. ఈసారి నేను ఆగలేదు. మా ఆవిడా నేనూ ఊపిరి బిగబట్టి కిందనే చూస్తున్నాం. ఒక సెకను, రెండు, అయిదు, పది. ఆ కింద ఇంకేమీ రాలేదు.

అమ్మ గదికి వెళ్లాను. కట్టుకట్టిన చెయ్యి దిండుమీద పెట్టుకుని తులసికోటకేసి చూస్తోంది. "అమ్మా, మీట నొక్కు" అన్నాను. ఎడంచెయ్యి అలవాటులేక రెండుసార్లు పక్కకి జారింది. మూడోసారి నొక్కింది. లోపల ఎక్కడో గంట మోగింది. డబ్బామీద పచ్చదీపం వెలిగింది.

అమ్మ కాసేపు దానికేసే చూసింది. "వెలగడం లేదని మంగళవారమే చెప్పానుగదురా" అంది. కోపంగా అనలేదు. నూతిలో నీళ్లు తగ్గాయి అన్నట్టు అంది. నేను కిటికీ గడియ సరిచేసే నెపంతో అటు తిరిగాను.

ఆ రాత్రి మావాడికి ఫోను చెయ్యడానికి నాకు గంటసేపు పట్టింది. నంబరు తీసేవాణ్ణి, రేపు పరీక్షగదా, చదువుకుంటూంటాడేమో అని పెట్టేసేవాణ్ణి. చదువుకునేవాణ్ణి పగలల్లా పట్టుకున్నప్పుడు ఈ దయ ఏమయిందో! చివరికి చేశాను. పరీక్షకి ఏం చదివావన్నాను. కాకినాడలో వానలెలా ఉన్నాయన్నాను. వాడు అన్నిటికీ జవాబు చెప్పాడు.

"ఒరేయ్, సోమవారంనాడు నేను మీట నొక్కి చూడలేదురా" అన్నాను.

"తెలుసు మావయ్యా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ఆ కార్డు వేసినప్పటినుంచీ అది మోగే దారే లేదుగా. నొక్కివుంటే తెలిసేది." వాడు కొంచెం ఆగాడు. "నేనూ స్పీకరు మోగించి చూసి బస్సెక్కేశాను. అమ్మమ్మ గదిలోంచి నేనే నొక్కి చూడవలసింది."

పొద్దున్న అన్నేసి మాటలన్నప్పుడు ఆ ఒక్క ముక్క వాడు నా మొహాన కొట్టవచ్చు. వాడు సోమవారం అడిగినమాట నిజం, నేను చూశానన్నమాట నిజం. వాడికి గుర్తులేక కాదు. నాకు గొంతులో ఏదో అడ్డుపడి, "వినాయకచవితికి రారా, మీ అత్తయ్య ఉండ్రాళ్లు చేస్తుంది" అన్నాను.

"వస్తాను. అడాప్టరు మాత్రం అత్తయ్య ఫోనుకి పెట్టనివ్వకు" అన్నాడు.

ఇంతలో పడగ్గదిలో గంట మోగింది. మా ఆవిడా నేనూ ఒకర్నొకరు తోసుకుంటూ పెరటిగదికి పరిగెత్తాం. అమ్మ పడుకునే ఉంది. మీటమీద ఎడంచెయ్యి, దీపంమీద చూపు.

"ఏం కావాలమ్మా?"

"ఏమీ వద్దురా. వెలుగుతోందో లేదో చూశాను. మీరు వెళ్లి పడుకోండి" అంది.